ముందు అద్దె లెక్క, తర్వాతే ఇల్లు

అద్దెకివ్వడానికి మొదటిసారి ఫ్లాట్ కొనాలనుకునే వాళ్లు నన్నడిగేది దాని ధర ఎంత పెరుగుతుందని. అందులో ఎవరు కాపురం ఉంటారో ముందు చూడమంటాను నేను.

హైదరాబాద్‌లో మియాపూర్ వైపు 60 లక్షల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అనుకుందాం. నెలకు 18,000 చొప్పున ఏడాదికి వచ్చే అద్దె 2.16 లక్షలు. ఒకరు ఖాళీ చేసి మరొకరు దిగేసరికి ఓ నెల అద్దె పోతుంది. ఆ నెల మెయింటెనెన్స్ మనదే. ఆస్తిపన్ను, రంగులు, ప్లంబింగ్ పనులు కూడా పోతే సుమారు 1.7 లక్షలు మిగులుతాయి. పెట్టిన డబ్బు మీద మూడు శాతం కూడా కాదు. అందులో 48 లక్షలు బ్యాంకు అప్పయితే, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్లపాటు నెలకు 41,600 పైనే కట్టాలి. అద్దె పోను మిగతా 23,600 జీతంలోంచే రావాలి. ఇల్లు ఖాళీగా ఉన్న నెల మొత్తం మనమే కట్టుకోవాలి. ఈ భారం మోయగలమనుకుంటేనే ముందుకెళ్లాలి.

ఆ తర్వాత ఇల్లు చూడటం. బ్రోకర్ పగటిపూట చూపిస్తాడు. మీరు సాయంత్రం మళ్లీ ఒక్కరే వెళ్లండి. ఉతికిన బట్టలు ఆరేసుకోవడానికి చోటుందా, రెండో బండి ఎక్కడ పెడతారు, లిఫ్టుకు జనరేటర్ ఉందా చూడండి. వాచ్‌మన్‌తో కాసేపు మాట్లాడండి. మే నెలలో రోజుకు ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తారో, అద్దెకు దిగినవాళ్లు ఎన్నాళ్లుంటారో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అక్కడ మనసు కుదిరితే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వకీలుకు చూపించండి.

అద్దెకిచ్చేటప్పుడు అగ్రిమెంటు రాసుకోవాల్సిందే. ఏడాది దాటిన లీజుకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందుకే అందరూ పదకొండు నెలలకు రాసుకుంటారు. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు ఎవరిది, ఎన్నాళ్ల ముందు చెప్పాలి అన్నవి అందులో ఉంటే రేపు మాట తేడా రాదు.

ఇక అద్దె పెంచడం. నెలకు వెయ్యి పెంచితే ఏడాదికి వచ్చేది 12,000. ఆ వెయ్యి దగ్గర పేచీ వచ్చి మంచి కాపురం వెళ్లిపోతే, ఒక్క నెల ఖాళీకే 18,000 పోతాయి. కుళాయి కారుతోందని ఫోన్ వస్తే ఆ రోజే మనిషిని పంపే ఓనరు దగ్గర జనం ఏళ్ల తరబడి ఉంటారు. అలాంటి ఓనరుగా ఉండే ఓపిక మీకుందనుకుంటేనే బయానా ఇవ్వండి.