కోట కన్నా ముందు నీళ్లు

మన వైపు నుంచి రాజస్థాన్ వెళ్లే యాత్రలు దాదాపు అన్నీ ఒకే దారిలో సాగుతాయి. జైపూర్‌లో హవామహల్, ఆమేర్ కోట. జోధ్‌పూర్‌లో మెహ్రాన్‌గఢ్. ఉదయపూర్‌లో పడవ షికారు, జైసల్మేర్‌లో ఇసుక తిన్నెల మీద ఒంటె సవారీ. గైడు చెప్పే కథల నిండా యుద్ధాలు, జౌహర్‌లు, రాణుల అందచందాలు. ఆ గోడల మధ్య వేలాది మంది ఏ నీళ్లు తాగి బతికారని మాత్రం ఎవరూ అడగరు. రాజపుత్ర నగరాలను అర్థం చేసుకోవడానికి అంతకన్నా మంచి ప్రశ్న లేదని నా నమ్మకం. ఏనుగులు కుమ్మినా చెక్కుచెదరని గోడ కట్టడం ఆ రోజుల్లో దేశమంతటా తెలిసిన పనే. ఏడాదికి 20 సెంటీమీటర్ల వాన కూడా పడని చోట 1156లో పుట్టిన జైసల్మేర్ ఇప్పటికీ జనంతో కళకళలాడుతోందంటే, అది వేరే విద్య.

జోధ్‌పూర్‌నే చూడండి. రావ్ జోధా 1459లో ఇక్కడ కోటకు పునాది వేశాడు. ఆ కొండ మీద తపస్సు చేసుకుంటున్న చిడియానాథ్ అనే సాధువును అక్కణ్ణుంచి లేపితే, నీళ్లకు కటకటలాడమని శపించి వెళ్లాడట. ఈ కథ గైడులందరూ చెబుతారు. ఆ తర్వాత జరిగింది చెప్పేవాళ్లు తక్కువ. జోధా రాణి జస్మాదే హాడీ కోట కిందనే రాణీసర్ చెరువు తవ్వించింది. తర్వాత దాని పక్కన పద్మసర్ వెలిసింది. చుట్టూ ఉన్నది నున్నటి అగ్నిపర్వత శిల, చుక్క నీరు ఇంకదు. అదే వాళ్లకు కలిసొచ్చింది. వాన పడితే చాలు, నీళ్లన్నీ పల్లానికి జారిపోతాయి కనుక రాతిలో కాలువ తొలిచి వాటిని చెరువుల వైపు తిప్పారు. కోట పక్కనున్న రావ్ జోధా ఎడారి రాతి ఉద్యానంలో ఆ పాత కాలువ అడుగునే నడిచి వెళ్లవచ్చు. మెహ్రాన్‌గఢ్‌కు వెళ్లేవారిలో ఈ దారి తొక్కేవాళ్లు చాలా కొద్దిమంది. ఒక గంట దీనికి కేటాయిస్తే కోట మరోలా కనిపిస్తుంది.

అసలు థార్ జనం నీళ్లను మూడు రకాలుగా లెక్కపెడతారు. నేరుగా పడిన వాన నీరు పాలర్. పాతాళంలోని బావి నీరు పాతాల్, ఇది చాలాచోట్ల ఉప్పు. ఈ రెంటికీ మధ్య ఇసుకలో చెమ్మగా దాగి ఉండేది రేజాణీ. ఈ మూడో నీటిని పట్టుకునే పద్ధతి చదివినప్పుడల్లా నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

జైసల్మేర్, బీకానేర్, చూరూ ప్రాంతాల్లో కొన్ని చోట్ల ఇసుక కింద జిప్సమ్ పొర ఒకటి ఉంటుంది. వాన నీరు ఇసుకలో ఇంకి, ఆ పొర మీద ఆగిపోతుంది. కింది ఉప్పు నీటితో కలవదు. ఇసుక మన నల్లరేగడిలా నెర్రెలు విచ్చదు కనుక పై నుంచి తేలిగ్గా ఆవిరైపోదు కూడా. అక్కడి వాళ్లు పొర దాకా ఒక సన్నటి బావి తవ్వుతారు. దాన్ని కూయీ అంటారు. చుట్టూ ఇసుకలో ఉన్న చెమ్మ బొట్టు బొట్టుగా ఊరి అడుగున చేరుతుంది. బావిని వెడల్పుగా తవ్వితే ఆ కాస్త నీరూ పలచగా పరుచుకుపోతుంది, చేదకు అందదు, ఎండకు ఆవిరవుతుంది. అందుకే సన్నగా తవ్వుతారు. లోపల పలుగు ఎత్తేంత చోటుండదు, పొట్టి పిడి ఉన్న పనిముట్టుతో కూర్చునే తవ్వాలి. ఉక్కకు తట్టుకోలేక తవ్వేవాడు సొమ్మసిల్లకుండా, పైనున్న వాళ్లు గుప్పెళ్లతో ఇసుక విసురుతూ ఉంటారు. ఆ విసురుకు పై గాలి లోపలికి దిగుతుంది. ఇసుక పెళ్లలు విరిగి పడకుండా ఇటుకతోనో, గడ్డితో పేనిన లావు మోకుతోనో, కర్రలతోనో లోపలి గోడ కడుతూ దిగుతారు.

ఇంత కష్టపడితే రోజుకు రెండు మూడు కుండల తియ్యటి నీరు వస్తుంది. కూయీ ఒక కుటుంబానిది, కింద చెమ్మ మాత్రం ఊరందరిదీ. కొత్తది తవ్వాలంటే ఊరి ఒప్పుదల కావాలి. ఒక సాంకేతిక పద్ధతి ఇంత న్యాయాన్ని కూడా తనలో ఇముడ్చుకోవడం అరుదు. దీన్నంతా ఊరూరా తిరిగి రాసిపెట్టిన మహానుభావుడు అనుపమ్ మిశ్ర. 1995లో వచ్చిన ఆయన హిందీ పుస్తకం ‘రాజస్థాన్ కీ రజత్ బూందే’ చదివి వెళితే ఏ గైడూ చెప్పనిది కనిపిస్తుంది.

జిప్సమ్ పొర లేని చోట పాలర్ నీరే దిక్కు. దానికి టాంకా కడతారు, అంటే భూమిలో గుండ్రంగానో చతురస్రంగానో తవ్వి, సున్నం పూసి, పైన కప్పు వేసిన తొట్టి. పట్నాల్లో డాబా మీద పడిన వాన గొట్టం గుండా ఇంట్లోని టాంకాలోకి దిగుతుంది. పల్లెల్లో దాని చుట్టూ నేలను కొద్దిగా వాలుగా చదును చేసి ఉంచుతారు. ఆ నేల పేరు ఆగోర్. తొలకరికి ముందు ఊడ్చి శుభ్రం చేసేది ఆ నేలనే. పశువులను అటు తోలరు, చెప్పులతో తొక్కరు. తొట్టి ఎంత బాగా కట్టినా ఆగోర్ చెడితే నీళ్లు చెడినట్టే. చెరువును కాపాడాలంటే చెరువులోకి కాదు, దానికి నీరొచ్చే దారిలోకి చూడాలన్న సంగతి వాళ్లకు అంత స్పష్టంగా తెలుసు.

కొండ కోటలు ఈ టాంకానే పెద్దది చేసుకున్నాయి. ఆమేర్ పైనున్న జైగఢ్‌లో వాన నీటిని దాచే తొట్లలో పెద్దదానికి 60 లక్షల గ్యాలన్లు పడతాయని చెబుతారు. చుట్టుపక్కల కొండవాలు మీద పడిన నీటిని కిలోమీటర్ల కొద్దీ కాలువల్లో నడిపించి తెచ్చారు. ఆ కాలువలు ఇప్పటికీ కోట వెనక కనిపిస్తాయి. అత్యవసర పరిస్థితి రోజుల్లో, 1976లో, నిధి కోసం ప్రభుత్వం ఈ కోటలో తవ్వించిన సంగతి అందరూ చెప్పుకుంటారు. బంగారం మాటెలా ఉన్నా, జైగఢ్‌లో అసలైన నిధి ఆ తొట్లే. చిత్తోడ్‌గఢ్‌లో ఒకప్పుడు 84 జలాశయాలు ఉండేవని, ఇప్పుడు 22 మిగిలాయని అంటారు. ముట్టడి నెలల తరబడి సాగినా కోట తట్టుకున్నదంటే అందులో గౌముఖ్ కుండం వంటివాటి పాలు కత్తుల పాలుకన్నా తక్కువేం కాదు.

ఇక బావడీలు, మన దిగుడు బావులు. జైపూర్ నుంచి ఆగ్రా వెళ్లే దారిలో ఆభానేరీ గ్రామంలో చాంద్ బావడీ ఉంది. 8, 9 శతాబ్దాల నాటిది. గుడి గోపురాన్ని తలకిందులు చేసి భూమిలోకి దించినట్టు ఉంటుంది. 13 అంతస్తులు, దాదాపు 3,500 మెట్లు, నూరడుగుల లోతు. ఆ మెట్ల వరుసలు చూసి అందరూ ముచ్చటపడతారు, ఫొటోలు తీసుకుంటారు. అన్ని మెట్లు ఎందుకో కూడా ఆలోచించాలి. వానలకు నీరు పైకొస్తుంది, ఎండాకాలానికి అడుగంటుతుంది. ఏ నెలలో మట్టం ఎక్కడ ఉన్నా మనిషి దాని అంచుదాకా దిగగలగాలి, ఒకేసారి ఎంతోమంది మూడు వైపులా కుండలు ముంచుకోగలగాలి. కిందికి పోయేకొద్దీ ఇరుకయ్యే ఆకారం వల్ల ఎండల్లో మిగిలే కొద్ది నీరు సన్నగా, లోతుగా, నీడలో నిలుస్తుంది. మెట్లు మెట్లుగా వెనక్కి వాలిన గోడ మట్టి బరువును నిలువు గోడకన్నా తేలిగ్గా మోస్తుంది. ఇంత అందంలో అలంకారం కోసం పెట్టినది చాలా తక్కువ, అదే నన్ను కట్టిపడేస్తుంది. ఇప్పుడు కటకటాలు కట్టి మెట్లు దిగనివ్వడం లేదు. అది మంచి పనే.

ఈ బావుల వెనక ఆడవాళ్ల పేర్లు ఎన్నో. బూందీలో 1699లో రాణీజీ కీ బావడీ కట్టించింది రాణి నాథావతి. జోధ్‌పూర్‌లో 1740ల నాటి తూర్‌జీ కా ఝాల్‌రా, మహారాజా అభయ్ సింగ్ రాణిది. దశాబ్దాల పాటు మురికి నీటిలో మునిగి ఉన్న ఈ ఝాల్‌రాను తోడి బాగుచేస్తే ఎర్రరాతి శిల్పాలు మళ్లీ వెలుగు చూశాయి. హైదరాబాద్‌లో చెత్తతో పూడిపోయిన బన్సీలాల్‌పేట మెట్లబావిని శుభ్రం చేసి 2022లో తెరిచినప్పుడు మనకు కలిగిన సంబరమే ఆ ఊరివాళ్లకూ కలిగి ఉంటుంది.

జోధ్‌పూర్ మరో పాఠం కూడా చెబుతుంది. ఇందిరా గాంధీ కాలువ నీళ్లు వచ్చాక పాత బావులు, ఝాల్‌రాలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. తోడేవాళ్లు లేక, పైనుంచి ఇంకే నీరు ఎక్కువై, భూగర్భ జలమట్టం పైకి లేచింది. పాత ఊళ్లో సెల్లార్లలోకి నీరు ఊరి, మోటార్లతో బయటికి తోడుతున్నారు. ఎడారి అంచున ఉన్న ఊరికి ఇలాంటి కష్టం వస్తుందని ఏ రాజూ ఊహించి ఉండడు.

ఉదయపూర్ చెరువుల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కనుక వదిలేస్తున్నాను. అక్కడి నుంచి ఉత్తరంగా గంటన్నర ప్రయాణంలో ఉన్న రాజసమంద్ మాత్రం చూసి తీరాలి. మహారాణా రాజ్ సింగ్ 1660లలో కరవు బారిన పడిన జనానికి కూలి కల్పిస్తూ కట్టించిన చెరువు ఇది. పాలరాతి కట్ట మీద 25 పలకల్లో రాజప్రశస్తి అనే సంస్కృత కావ్యం చెక్కి ఉంది.

చివరగా జైసల్మేర్. ఊరి బయట గడీసర్ చెరువు శతాబ్దాల పాటు ఆ పట్నానికి ప్రాణం. కోటలో నీళ్లు బిందెలతో వచ్చినంత కాలం పొదుపుగా వాడేవారు, వాడిన నీరూ తక్కువే. కొళాయిలు, హోటళ్లు వచ్చాక పోసే నీరు ఎన్నో రెట్లు పెరిగింది. లీకయిన గొట్టాల నీరు కొండలోని మెత్తటి మట్టి పొరల్లోకి దిగి పునాదులను కదిలించింది, బురుజులు కొన్ని కూలాయి. 1996లో ప్రపంచ స్మారకాల నిధి దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. 2013లో యునెస్కో గుర్తింపు పొందిన ఆరు రాజస్థాన్ కొండ కోటల్లో ఇదీ ఒకటి. శత్రువులకు లొంగిన రోజులనూ దాటి బతికిన కోట, అతిథులు పోసే స్నానాల నీళ్లకు కుంగుతోంది. కాబట్టి జైసల్మేర్ వెళ్లండి, రోజంతా కోటలో తిరగండి, అక్కడి దుకాణాల్లో కొనండి, భోంచేయండి. రాత్రి బస మాత్రం కోట కింద, ఊళ్లోనే పెట్టుకోండి.