పాలిష్ వద్దన్న చెక్క

పంజాగుట్టకూ అమీర్‌పేటకూ మధ్య మెట్రో రైలు కిటికీ పక్కన నిలబడితే మేడల నెత్తులు కనిపిస్తాయి. నల్లటి నీళ్ల ట్యాంకులు, హాస్టల్ పిల్లల బట్టల బరువుకు వంగిన తీగలు, రేకుల షెడ్లు. వీటి మధ్యకు ఈమధ్య కొత్తగా చేరింది చెక్క డెక్. రూఫ్‌టాప్ హోటళ్లవాళ్లు వేయించుకున్నారు. కింది అంతస్తులన్నీ ఇన్‌స్టిట్యూట్లకు అద్దెకిచ్చి పైన తాముండే ఇంటివాళ్లూ వేయించుకున్నారు. మొదటి ఏడాది అది తేనెరంగులో తళతళలాడుతుంది. రెండో వానాకాలం దాటాక వెళ్లి చూడండి. పైపొర పొలుసులుగా లేచిపోయి ఉంటుంది. లేచినచోట చెక్క బూడిదరంగు తిరిగి, స్క్రూల చుట్టూ నల్లటి మరకలు కట్టి ఉంటుంది. ఇంటాయన టింబర్ డిపో వాణ్ణి తిట్టుకుంటాడు, టేకు పేరు చెప్పి ఏదో అంటగట్టాడని. టేకు తప్పు చాలాసార్లు ఏమీ ఉండదు. దాని మీద పూయించిన మెరుపుతోనే గొడవంతా.

చెక్కపని అనగానే మనకు తలుపే గుర్తొస్తుంది. ఇల్లంతా సిమెంటైనా సింహద్వారం మాత్రం టేకుదే కావాలి. ఆదిలాబాద్ టేకు, బల్లార్షా టేకు అని ఊరి పేరుతో సహా చెప్పుకుంటాం. ఆ తలుపుకు చేసే లక్క పాలిష్ గొప్ప విద్య, నాకందులో అనుమానం లేదు. చపడా లక్కను రాత్రంతా స్పిరిట్‌లో నాననిస్తారు. దూదిని మెత్తటి పాత గుడ్డలో మూటకట్టి, లక్కలో ముంచి, చెక్క మీద చుట్లు చుట్లుగా తిప్పుతూ పొర మీద పొర ఎక్కిస్తారు. చేయి ఒక్క క్షణం ఆగితే అక్కడ మచ్చ పడిపోతుంది. పని పూర్తయ్యాక తలుపులో ముఖం చూసుకోవచ్చు. కానీ ఆ లక్క నీడపట్టున బతికేది. నీటి చుక్క కాసేపు నిలిచిందా, అక్కడ తెల్లబారుతుంది. దాని బదులు ఇప్పుడు మెలమైన్, పీయూ (పాలీయురేథేన్) పాలిష్‌లు వచ్చాయి. గట్టివే, ఖరీదైనవే. అయినా తలుపుకు నెత్తిన సజ్జా ఉంటుంది, ముందు వరండా ఉంటుంది. డెక్‌కు ఆకాశం తప్ప ఏమీ ఉండదు. అయినా మనం పిలిచేది ఆ తలుపుల పాలిష్ మేస్త్రినే. పాపం, ఆయన తెచ్చేదీ ఆ డబ్బాలే.

ఎండ చెక్కను ఎలా తింటుందో కాస్త చెప్పాలి. చెక్కలో పోగుల్ని పట్టి ఉంచే పదార్థం లిగ్నిన్. అతినీలలోహిత కిరణాలు దాన్ని విరగ్గొడతాయి, వాన వచ్చి కడుక్కుపోతుంది, చివరికి మిగిలేది బూడిదరంగు పోగులే. రంగులేని వార్నిష్ వేస్తే వెలుతురు దాన్ని దాటుకుని లోపలికి పోతుంది. వార్నిష్ పొర బాగానే ఉంటుంది గాని, అది పట్టుకున్న చెక్క పైపైన పొడి అవుతుంది. ఇక పొర నిలవడానికి ఆధారం ఏది? దీనికి తోడు చెక్క కదులుతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్ మధ్యాహ్నాలు గాలి ఎండి గొంతు పిడచకట్టుకుపోతుంది, ఆగస్టులో ఉప్పు డబ్బాలోనే చెమ్మగిల్లుతుంది. ఈ రెండు కాలాల మధ్య ఐదంగుళాల టేకు పలక అడ్డంగా ఇంచుమించు ఒక మిల్లీమీటరు పెరిగి తగ్గుతుంది. పొడవులో దాదాపు కదలదు. మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. పైనున్న పీయూ పొర ఆ కాస్త సాగలేక పలక అంచుల్లో, స్క్రూల దగ్గర చిట్లుతుంది. అక్కడ దూరిన నీటికి లోపలికి దారి ఉంది గాని బయటికి లేదు. అంటే చెక్కను కాపాడటానికి వేసిన పొరే దానికి తడి మూట కడుతుంది.

మా ద్వారకాపురి కాలనీ ఇంటి మీద డెక్ కట్టిన వడ్రంగి మెదక్ వైపు మనిషి. తాత ఎడ్లబండ్లు చేసేవాడట. పీయూ వేద్దామా అని అడిగితే ఆయన నవ్వాడు. "బండికి ఎవడన్న పాలిష్ ఏస్తడా సార్? ఎండల నిలవడేదానికి నూనె తాపాలె గాని రంగు తొడగొద్దు" అన్నాడు. ఈ కాలమ్‌లో నేను చెప్పదలచుకున్నది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. నాకింకా చాలా జాగా మిగిలింది కాబట్టి వివరాల్లోకి వెళ్తాను.

ఎండావానల్లో చెక్కను నిలబెట్టే విద్య మనకు తెలియనిదేం కాదు. అది ఈ పీఠభూమి మీద కాక సముద్రం ఒడ్డున పెరిగింది. గోదావరి సముద్రంలో కలిసేచోట కోరంగిలో ఓడలు కట్టేవారు, దెబ్బతిన్నవి బాగుచేసేవారు. 1839 నవంబరు తుపాను ఆ రేవును ముంచేసింది. ఆ పక్కనే తాళ్లరేవులో చెక్క పడవల పని తర్వాత కూడా సాగింది. అటు బొంబాయిలో వాడియాల రేవులో టేకుతో కట్టిన ట్రింకొమలీ అనే యుద్ధనౌక 1817లో నీళ్లలో దిగింది, ఇప్పటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో తేలుతూనే ఉంది. టేకు చేవలో సహజంగా ఉండే నూనె వల్ల చెద తొందరగా పట్టదు, ఇనుప మేకు పక్కన చెక్క తొందరగా పుచ్చదు. అందుకే ఓడలవాళ్లు టేకంటే ప్రాణం పెట్టేవారు. అయితే ఓడ డెక్‌నూ ఇంటి డెక్‌నూ ఒకే గాటన కట్టకూడదు. ఓడలో కింద మనుషులు, సరుకు ఉంటాయి గనక పలకల సందుల్లో నార కుక్కి, తారు పోసి నీళ్లు దిగకుండా బిగిస్తారు. ఇంటి మీద దీనికి పూర్తిగా తిరగబడ్డ లెక్క: నీళ్లు దిగిపోవాలి, గాలి ఆడాలి. సందులు కనబడకుండా చేయమని వడ్రంగిని వేధించేవాళ్లు అపార్ట్‌మెంటు మేడ మీద ఓడ కోరుకుంటున్నారన్నమాట.

కట్టేటప్పుడు చూడాల్సినవాటిలో సగం చెక్కకు సంబంధించినవే కావు. ముందు స్లాబు వాలు. వర్షం నీళ్లు తూము వైపు పోతున్నాయో లేదో ఒక బకెట్ నీళ్లు పోసి చూడాలి. తర్వాత వాటర్‌ప్రూఫింగ్. పలకల కింది దూలాలు బిగించడానికి స్లాబులోకి డ్రిల్ దించితే ఆ చిల్లు కింది ఇంటివాళ్ల పడగ్గదిలో బయటపడుతుంది. దూలాల్ని ప్లాస్టిక్ పీఠాల మీదో, రబ్బరు ముక్కల మీదో ఊరికే కూర్చోబెట్టి, వాటిని ఒకదానికొకటి కట్టేస్తే చాలు, బరువే డెక్‌ను పట్టి ఉంచుతుంది. గాలి ఎత్తే అంచుల దగ్గర మాత్రం పిట్టగోడకు బిగించాలి.

ఇక చెక్క. డిపోలో పలకలు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది పొడవు వెడల్పులకన్నా ముందు చేవ. ముదురు గోధుమరంగున్న నడిమి చెక్కకే ఎండావానల్ని ఓర్చుకునే గుణం. అంచున పాలిపోయినట్టుండే తెల్లచెక్క టేకుదైనా మామూలు చెక్కతో సమానం, పురుగు అక్కడే మొదలెడుతుంది. తోటల్లో త్వరగా పెంచి కొట్టిన లేత టేకులో ఆ తెలుపు ఎక్కువ. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చిన దూలాలు దొరికితే వదలొద్దు. ఏళ్ల తరబడి ఆరిన చెక్క అది. కోయించే ముందు లోపల విరిగిన మేకులున్నాయేమో అయస్కాంతంతో వెతకాలి, లేకపోతే రంపం పళ్లు పోతాయి.

పనిముట్లు రాణిగంజ్‌లో అన్నీ దొరుకుతాయి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఓపికుంటే పాత చిత్రికలు కూడా దొరుకుతాయి. కొత్తవాటికన్నా వాటి ఇనుము మంచిదని మా వడ్రంగి నమ్మకం, నాకూ ఆ పక్షపాతమే. డెక్ పనికి మాత్రం అసలైన పనిముట్టు మూలమట్టమూ కాదు, రంపమూ కాదు, నాలుగైదు మిల్లీమీటర్ల మందమున్న చెక్కముక్క. పలకకూ పలకకూ మధ్య దాన్ని నిలబెట్టి, స్క్రూ బిగించి, తీసి, ముందుకు జరగాలి. సందులన్నీ ఒకే తీరుగా వస్తాయి. స్క్రూకు ముందే చిన్న చిల్లు వేయకపోతే పలక కొస చీలుతుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్‌వే కావాలి. మామూలు ఇనుపవి కొంటే మిగిలే డబ్బు రెండేళ్లలో నల్ల మరకలుగా కనబడుతుంది. కోసిన ప్రతి కొసకూ మైనమో, నూనో రాయాలి, చెక్క నీళ్లు తాగేది ఆ కొసల్లోంచే. ఈ పని చేసే మేస్త్రిని నేను ఒక్కణ్ణే చూశాను, ఆయన కూడా అడిగితేనే చేశాడు.

పాత డెక్‌ను బాగుచేయడం ఇంకో కథ. మావాళ్లకు తోచే మొదటి ఉపాయం కార్ వాష్ షాపులోని నీళ్ల గన్. దానికి మురికి పోతుంది, మురికితో పాటు మెత్తటి పోగులూ పోతాయి, పలక మీద గాళ్లు పడతాయి. రెండో ఉపాయం చేతి గ్రైండర్‌కు ఉప్పు కాగితం చక్రం తగిలించి దున్నేయడం. అది అర్ధచంద్రాకారపు గీతలు వదులుతుంది, నూనె పడ్డాక అవి ఎదురుగా నిలబడి వెక్కిరిస్తాయి. నిదానంగా చేయాల్సిన పద్ధతి వేరే ఉంది. లేచిన పొరను ముందు గీకుడు కత్తితో తీయాలి. బయటికి పొడుచుకొచ్చిన స్క్రూ తలల్ని లోపలికి దించాలి. ఆ తర్వాత ఆక్సాలిక్ పొడి నీళ్లలో కలిపి, చేతులకు తొడుగులు వేసుకుని, కొబ్బరి పీచు బ్రష్షుతో చారల వెంబడి రుద్దాలి. మార్బుల్ పాలిష్‌వాళ్లు వాడే పొడే ఇది, విషం గనక పిల్లలకు అందకుండా పెట్టాలి. నల్లటి తుప్పు మరకలు కళ్ల ముందే విడిపోతుంటే చూడ్డం నాకు చాలా ఇష్టం. ఇనుప తీగల బ్రష్షు మాత్రం వద్దు. విరిగిన తునకలు చెక్కలోనే ఉండి మళ్లీ తుప్పు మరకలు పెడతాయి.

కడిగి, రెండుమూడు రోజులు ఆరాక ఉప్పు కాగితం. ముందు 60 నంబరు, తర్వాత 80. అక్కడ ఆపేయాలి. తలుపుల పనిలో ఆరితేరిన చేయి ఆగదు. 220, 320 దాకా వెళ్లి గాజులా చేస్తుంది. అంత నునుపైన చెక్క నూనె సరిగా తాగదు, వానలో కాలు కూడా జారుతుంది. తర్వాత నూనె. ఉత్త అవిసె నూనె మన వానల్లో బూజుకు మేత, అందుకే బూజు మందూ, ఎండనాపే రంగు పొడీ కలిసిన డెక్ నూనె తీసుకోవాలి. ఎండ దిగాక, గుడ్డతో పలచగా రాసి, పావుగంట ఆగి, చెక్క తాగకుండా మిగిల్చింది మొత్తం తుడిచేయాలి. తుడవకపోతే అది జిగురై దుమ్మును పట్టుకుంటుంది. అమీర్‌పేట దుమ్ము సంగతి వేరే చెప్పాలా? దసరా దాటాక మన ఊళ్లో గాలి పొడిబారుతుంది, ఎండ మెత్తబడుతుంది. ఈ పనికి అంతకన్నా మంచి రోజులు లేవు.

అమీర్‌పేట మైత్రీవనం పక్క సందుల్లో కోర్సులు నేర్చుకుని అమెరికా వెళ్లినవాళ్లు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొన్నాక ఈ చాకిరీ అంతా సొంత చేతులతో నేర్చుకుంటున్నారు. అక్కడ ఇంటి వెనక డెక్ మామూలు విషయం, చెక్క మాత్రం మందు ఎక్కించిన పైన్. పూర్వం ఆ మందులో ఆర్సెనిక్ కలిసేది. ఇళ్ల వాడకానికి ఆ రకం చెక్క తయారీని 2003 చివరికి ఆపేశారు. తర్వాత వచ్చిన రాగి మందులు మామూలు మేకుల్ని తినేస్తాయి గనక జింకు పూత పూసినవో, స్టెయిన్‌లెస్‌వో వాడతారు. వేసవికి అక్కడికెళ్లిన అమ్మలు ఆ డెక్ మీదే వడియాలు పెడతారు, మాగాయ ముక్కలు ఎండబెడతారు. పసుపు మరక పడిందని కోడళ్లు బెంగపడనక్కర్లేదు. పసుపు రంగును నాలుగు రోజుల ఎండే తీసేస్తుంది. నూనె మరకే పోయేది కాదు.

నూనె గుడ్డల గురించి మాత్రం నవ్వులాట కాదు. అవిసె నూనె ఆరడమంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం, అందులో వేడి పుడుతుంది. గుడ్డల్ని ముద్దచేసి మూలన పడేస్తే ఆ వేడి పోయే దారి లేక అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటాయి. ఫిలడెల్ఫియాలో 1991 ఫిబ్రవరిలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం ఇలాగే కాలింది. 22వ అంతస్తులో చెక్కపనికి మెరుగుపెట్టినవాళ్లు వదిలేసిన అవిసె నూనె గుడ్డలతో మంట మొదలై, ముగ్గురు ఫైర్‌మెన్‌ను బలితీసుకుంది. మన పాలిష్ కుర్రాళ్లు సాయంత్రం గుడ్డలన్నీ ఒక సంచిలో కుక్కి, మెట్ల కింద, హాస్టల్ గ్యాస్ సిలిండర్ల పక్కన పెట్టి వెళ్తారు. గుడ్డల్ని తీగ మీద విడివిడిగా ఆరేయాలి, లేదా నీళ్ల బకెట్‌లో ముంచాలి. అది చూసుకోవాల్సింది పని చేయించుకునేవాళ్లే.

మా డెక్‌కు నూనె రాయడానికి వచ్చిన పాలిష్ మేస్త్రి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. పని అయిపోయి కూలి లెక్కపెట్టుకున్నాక కూడా నిలబడి చూశాడు. "మెరుపే రాలేదు సార్. ఎవరన్న అడిగితె నా పేరు చెప్పకున్రి" అన్నాడు. ఏడాదికొకసారి రమ్మని, మళ్లీ ఇదే నూనె రాయాలని చెప్పాను. తలుపులకు ఐదేళ్లదాకా పిలవరు గనక ఈ బేరం ఆయనకు నచ్చింది. ఫోన్ నంబరు ఇచ్చి, వచ్చేసారి ఒక పలక మీద తన ఖర్చుతోనే పీయూ వేసి చూపిస్తానన్నాడు. తూము పక్కన, ఎండ బాగా పడే పలక ఒకటి ఆయనకు కేటాయించాను.