ఎవరు ప్రధానం, ఎవరు అనుబంధం?

మాటలు అమాయకమైనవి కావు. శ్రమకు పెట్టే పేరులోనే దాని విలువా నిర్ణయమైపోతుంది. ఇంగ్లీషులో 'యాక్సెసరీ' అనే మాట చరిత్ర ఇందుకు ఉదాహరణ.

'దగ్గరకు వచ్చి చేరడం' అనే లాటిన్ క్రియ దాని మూలం. 15వ శతాబ్దపు ఇంగ్లీషులో అది న్యాయస్థానపు మాట: నేరం స్వయంగా చేయకుండా, చేసేవాడికి తోడ్పడినవాడు. తర్వాత ప్రధాన వస్తువుకు అదనంగా చేరే ప్రతిదానికీ వర్తించింది. 19వ శతాబ్దం చివరికి దుస్తులకు జతగా ధరించే అలంకారాలకూ పేరైంది.

మనం దాన్ని 'అనుబంధం' అంటున్నాం. పాణినీయంలో అనుబంధమంటే ప్రత్యయానికి తగిలించిన గుర్తు అక్షరం. పదనిర్మాణంలో దాని పని ఉంటుంది. తయారైన పదంలో అది కనిపించదు.

ఈ అర్థాన్ని ఎమ్మిగనూరులో నిలబెట్టి చూడాలి. మాచాని సోమప్ప కృషితో 1938లో చేనేత సహకార సంఘం ఏర్పడిన ఊరది. నేతగాడు గుంటమగ్గంలో కూర్చోవడానికి ముందే నూలుకు గంజి పట్టాలి, పడుగు సిద్ధం కావాలి. రాట్నం ముందు కూర్చున్న ఆడమనిషి కండెలు చుట్టకపోతే నాడె ఆడదు. గుడ్డలో మాత్రం ఆమె చెయ్యి కనిపించదు. 2019-20 అఖిల భారత చేనేత గణన 26.73 లక్షల మందిని నేతపనివారనీ, 8.48 లక్షల మందిని అనుబంధ కార్మికులనీ లెక్కగట్టింది. లెక్కలోకి తీసుకోవడం ముందడుగే. కాని విభజన రేఖ అలాగే ఉంది. నేరంలో తోడ్పడితే శిక్షలో వాటా ఉంది. నేతలో తోడ్పడితే పేరులో వాటా లేదు!

ఆదోని జిన్నింగు మిల్లుకు వెళ్లినా ఇదే ప్రశ్న. పత్తిని తూకం వేస్తే సుమారు మూడోవంతు దూది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం గింజలు. అయినా దూది ప్రధానం, గింజ అనుబంధం. ఏది ప్రధానమో బరువు చెప్పదు, బజారు చెబుతుంది.

మన సాహిత్యం ఈ బజారు తీర్పునే తిరగరాయకూడదు. నేతకథ అనగానే మగ్గం మీది మగవాడు నాయకుడై, కండెలు చుట్టే మనిషి నేపథ్యంగా మిగిలితే, మనమూ ఆ అన్యాయానికి తోడ్పడినవాళ్లమే. పాలలో వేసిన తోడు పెరుగులో విడిగా కనిపించదు. అది లేకుండా పెరుగు తోడుకున్న ఇల్లు మాత్రం ఎక్కడుంది?