పొణికి కర్రలో కాటమరాజు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. ఆ రోజుల్లో పటాన్‌చెరు పక్కన బీరంగూడ గుట్ట మీద మల్లికార్జునుడికీ, జహీరాబాద్ వైపు ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడికీ జాతరలు జరుగుతాయి. కొమురవెల్లిలో సంక్రాంతికి మొదలైన మల్లన్న జాతర ఉగాది దాకా సాగుతూనే ఉంటుంది. పంట ఇంటికొచ్చి, పని కాస్త తెరిపిచ్చే కాలం. కథలు చెప్పేవాళ్లు ఊళ్లు తిరిగే కాలమూ ఇదే. వాళ్లలో మందహెచ్చుల వాళ్లు బొమ్మలు వెంట పెట్టుకుని వస్తారు.

యాదవులకు వాళ్ల కులకథ చెప్పడం మందహెచ్చుల వృత్తి. పశువుల మేతకు కట్టాల్సిన పుల్లరి దగ్గర తగవొచ్చి, నెల్లూరు పాలకుడు మనుమసిద్ధి మీద కత్తి దూసిన కాటమరాజు కథ అది. 13వ శతాబ్దం నాటి యుద్ధం. కథలో ఎవరి వంతు వస్తే వాళ్ల బొమ్మ జనం ముందుకొస్తుంది. కాటమరాజు, గంగమ్మ, వీరులు, శత్రువులు, అందరూ కలిసి యాభై దాకా బొమ్మలు. తెల్లారేసరికి కథకుడి ముందు ఒక కొలువే తీరి ఉంటుంది.

ఈ బొమ్మల పుట్టిల్లు చేర్యాల. కొమురవెల్లికి పొరుగూరు, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. అక్కడి నకాషీ కళాకారుల పేరు చెబితే అందరికీ పటాలు గుర్తొస్తాయి, గోడలకు తగిలించే ముఖాలు గుర్తొస్తాయి. కథ చెప్పే బొమ్మల సంగతి తెలిసినవాళ్లు తక్కువ. నాకు మాత్రం నకాషీ పనితనమంతా ఒక్కచోట కనిపించేది వీటిలోనే.

బొమ్మకు కావలసింది తెల్ల పొణికి కర్ర. నిర్మల్ బొమ్మకూ, కొండపల్లి బొమ్మకూ అదే కర్ర. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. ఉలి పెట్టగానే మెత్తగా లేస్తుంది. పచ్చి కర్ర పనికిరాదు, తడి ఉంటే తర్వాత పగులుతుంది. కొండపల్లిలో సన్నని సెగ మీద ఉంచి ఆ తడిని లాగేస్తారు. మొండెం ఒక ముక్కలో, చేతులు వేరే ముక్కల్లో చెక్కుతారు. చాచిన చేతిని మొండెంతో కలిపి ఒకే ముక్కలో చెక్కితే, చేయి నారకు అడ్డంగా వచ్చి పుటుక్కున విరుగుతుంది. విడిగా, నార పొడవునా చెక్కి అతికిస్తే నిలుస్తుంది.

ఆ అతుకు దగ్గరే అసలు నేర్పు. చింతగింజల్ని నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉడికిస్తే చిక్కటి జిగురు వస్తుంది. అందులో రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తారు. ఈ ముద్ద అతుకులో కూరుకుని ఆరాక కర్రతో కర్రైపోతుంది, ఎక్కడ కలిపారో వేలితో తడిమినా దొరకదు. ముక్కు కొన, మీసం, మెడలో నగ, తలపాగా మడత ఉలితో తీయాల్సిన పని లేదు. ముద్దను వేళ్లతో ఒత్తి, చిన్న పుల్లతో గీసి తీస్తారు. అంటే సగం చెక్కడం, సగం మలచడం. ఆరాక సుద్ద పూత, దాని మీద రంగులు. పూర్వం ఎరుపుకు ఇంగిలీకం, నలుపుకు దీపపు మసి, నీలానికి నీలిమందు వాడేవారు. సన్నని గీతలకు ఉడుత వెంట్రుకల కుంచె. ముఖం రంగు చూస్తే ఎవరో తెలిసిపోవాలి: దేవతలకు నీలం, పసుపు, మనుషులకు మేనిఛాయ, రాక్షసులకు ముదురు రంగులు. వెనక వరసలో కూర్చున్నవాడికి కూడా కథ అందాలి కదా.

ఎక్కడో అమెరికాలో, అరిజోనా ఎడారి గుట్టల మీద, హోపీ జనం ఇలాంటి పనే చేస్తారు. ఫిబ్రవరిలో పొవాముయ పండుగకు, చలి ఇంకా వదలకముందే, కీవా అనే పూజగదుల్లో వెచ్చగా నిప్పు పెట్టి చిక్కుడు గింజలు మొలకెత్తిస్తారు. కచినా దేవతల వేషం కట్టినవాళ్లు ఆడపిల్లలకు ఆ దేవతల కర్రబొమ్మలు ఇస్తారు. వాళ్ల కర్ర కాటన్‌వుడ్ చెట్టు వేరు. అదీ తేలికే, మెత్తనిదే. దానికీ ముందు తెల్లమట్టి పూత, ఆ పైన రంగులు. ఒకరినొకరు ఎన్నడూ చూడని రెండు మెట్టనేలల వాళ్లు ఒకే దారి పట్టారు.

బొమ్మకైనా పటానికైనా మనవాళ్లు ఆయుష్షు ఉందనే నమ్మారు. కథకుడి పటం పాతబడి చిరిగితే చెత్తలో వేయరు, నదిలో నిమజ్జనం చేస్తారు. కొత్తది రాయించుకుని, పూజ చేసి కథకు ఎత్తుతారు. ఈ పద్ధతి వల్లే నకాషీ ఇంటికి తరతరాలుగా పని దొరికింది. షోరూముల్లో చేర్యాల ముఖాలు అమ్ముడుపోవడం మంచిదే, ఆ ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది. కానీ అద్దాల బీరువాలో పెట్టిన బొమ్మ అరగదు, దానికి వారసుడు అక్కర్లేదు. కథలో తిరిగే బొమ్మే అరిగి, కొత్త బొమ్మను అడుగుతుంది.

మన పటాన్‌చెరు వైపు ఊళ్లు కాలనీలయ్యాయి, మందలు మేసిన బీళ్లలో ఫ్యాక్టరీలు లేచాయి. యాదవ కుటుంబాలు మాత్రం ఇక్కడే ఉన్నాయి, మల్లన్నకు పట్నాలు వేయిస్తూనే ఉన్నాయి. డీజేకు పెట్టే ఖర్చులో కొంత తీసి ఒక్క రాత్రి మందహెచ్చుల వాళ్లను పిలిపించవచ్చు. కులసంఘాలు కలిస్తే చేర్యాలలో ఒక కొత్త బొమ్మల వరస చేయించడం పెద్ద భారం కాదు.

చెట్టు సంగతి ఇంకా తొందరగా చూడాలి. పొణికి మన దక్కను గుట్టల చెట్టే. గింజ పెంకు గట్టిది, తేలిగ్గా మొలవదు, చెట్టు నిదానంగా పెరుగుతుంది. నరికినంత వేగంగా అడవి తిరిగి ఇవ్వలేక, నిర్మల్, కొండపల్లి కళాకారులు కర్ర దొరకడం లేదని ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. ఇక్కడ పరిశ్రమలు తమ ఆవరణలో పచ్చదనం పెంచాలన్న షరతు ఎలాగూ ఉంది. అక్కడ కోనోకార్పస్ వరసలు నాటే బదులు, పాశమైలారం నుంచి సదాశివపేట దాకా ప్రతి కంపెనీ ప్రహరీ పక్కన నాలుగు పొణికి మొక్కలు పెట్టండి. నర్సరీలో లేవంటే అడగండి, అడిగితేనే పెంచుతారు.