పాయ తీసే చోటు

కూకట్‌పల్లిలో మా పై వాటాలో ఉంటున్న దంపతుల వంటిల్లు ఒక చూడదగ్గ పనితనం. ఆవిడ ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. డ్యూటీ వారానికో తీరు: ఒక వారం పొద్దున ఎనిమిది నుంచి రెండు, ఇంకో వారం రెండు నుంచి ఎనిమిది, మరో వారం రాత్రి ఎనిమిదికి వెళ్తే మర్నాడు ఎనిమిదికే బయటపడటం. ఆయన అకౌంట్స్ చూసే ఉద్యోగి. తొమ్మిదింటికి బయల్దేరితే ఏడింటికి ఇంటికి చేరతారు. పుట్టిన దగ్గర్నుంచీ శాకాహారి, దానికి తోడు షుగరు. ఆవిడది నరసాపురం. చేప తినని వారం లెక్కలోకే రాదంటారు. అద్దె, ఊళ్ళో పెద్దవాళ్ళకు పంపేది, చీటీ డబ్బు పోను తిండికి మిగిలేది కొద్ది. ఇలాంటి ఇంట్లో మామూలుగా జరిగేది రెండు కుంపట్లు పెట్టడం, లేదంటే ఫోన్లో ఆర్డరివ్వడం. వీళ్ళు రెండూ చెయ్యరు. వంట వీలైనంతవరకు కలిపే సాగుతుంది, ఇద్దరూ తమ తిండే తింటారు.

దీని వెనక ఉన్న సూత్రం ఒక్కటే. వంట ఎంతసేపు ఒక్కటిగా సాగితే అంత గ్యాసు, అంత శ్రమ మిగులుతాయి. అందుకని ఏ వంటకమైనా ఎక్కడ రెండుగా విడదీయాలో వీళ్ళు ముందే చూసుకుంటారు. గోదావరి జిల్లా మనిషి కనుక ఆవిడ దాన్ని పాయ తీసే చోటు అంటారు. ధవళేశ్వరం దాటాకే గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలినట్టు, కూర కూడా వీలైనంత దిగువకు వచ్చాకే చీలాలి. ఆ చోటు ఎంత సరిగ్గా పడిందన్నదే పనితనం. మిగతా అంతా దాని చుట్టూ అల్లుకున్న ఏర్పాటు.

ముందు కాగితం సంగతి. డ్యూటీ పట్టిక రాగానే ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటిస్తారు. అందులో మొదట వంటకాల పేర్లుండవు. వారంలోని ఏడు రోజులకు గడులు గీసి, ఎవరు ఎన్నింటికి, ఎక్కడ కూర్చుని తింటారో రాస్తారు. ఇద్దరూ ఇంట్లో ఉండే పూటలకు సున్నా చుడతారు. రాత్రి డ్యూటీ వారంలో ఆ సున్నాలు బాగా తగ్గిపోతాయి. అప్పుడు వంటకాలను మూడు రకాలుగా చూస్తారు. పెనం మీంచి దిగగానే తినాల్సినవి, అంటే దోసె, పెసరట్టు, జొన్నరొట్టె, సున్నా గడుల్లోకి వెళ్తాయి. డబ్బాలో మూత పెట్టినా చెడనివి, పులిహోర, వేపుడు, పొడి కూరల్లాంటివి, ఒకరు బయట తినే పూటలకు. నిలవుంటే రుచి పెరిగేవి, చేపల పులుసు లాంటివి, ఒకరు ఒంటరిగా ఇంట్లో తినే పూటలకు. గడి రకం తేలాకే వంటకం పేరు పడుతుంది. మనలో చాలామందిమి ముందు వంటకం అనుకుని, తర్వాత వేళ కుదరక తిప్పలు పడతాం.

ఇక పప్పు. ఈ ఇంటి పనితనం మొత్తం ఇందులోనే కనిపిస్తుంది కనుక కాస్త నిలబడి చూడాలి.

కందిపప్పును అరగంట నానబెట్టి, పసుపు, ఒక చుక్క నూనె వేసి కుక్కరు అడుగు గిన్నెలో పెడతారు. నూనె చుక్క నురగను అణిచి ఆవిరి దారి మూసుకుపోకుండా చూస్తుంది. పై గిన్నెలో బియ్యం. ఆవిరి సులువుగా బయటికి పోలేక లోపలి ఒత్తిడి బయటిదానికి దాదాపు రెట్టింపవుతుంది, నీళ్ళు వంద డిగ్రీలకు బదులు 120 దగ్గర మరుగుతాయి. అందుకే గిన్నెలో గంట పట్టే పప్పు కుక్కర్లో నాలుగు విజిళ్ళలో మెత్తబడుతుంది. అయితే ఈ దశలో చింతపండు పడకూడదు. పప్పు గింజలోని కణాల గోడల్ని పెక్టిన్ అనే పదార్థం పట్టి ఉంచుతుంది. పులుపు దాన్ని కరగనివ్వదు, పప్పు ఎంత ఉడికినా పలుకుగానే ఉండిపోతుంది. ఆవిడ డ్యూటీకి వెళ్తూ ఫ్రిజ్ మీద రాసిన చీటీలో ఒకసారి ఇలా ఉంది: "పప్పు నానేశాను, ఏడింటికి కుక్కరు పెట్టండి. పులుపు మాత్రం వెయ్యకండి."

పులుపు పడకముందు ఆ పప్పుకు ఇంకా ఏ పేరూ లేదు. అదే దాని బలం. మూత తీశాక పైకి తేలిన కట్టును గరిటెతో వంచితే అది ఆ పూట చారుకి. అడుగున ఉన్న చిక్కటి ముద్దలో ఒక భాగం, విడిగా మగ్గించిన తోటకూరతో కలిసి ఆయన కంచంలోకి. అందులో ఆకు ఎక్కువ, పప్పు తక్కువ. మిగిలింది చల్లారగానే మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లోకి. మర్నాడు అదే ములక్కాడలతో పప్పుచారు అవుతుంది, లేదా ఉడికించిన దోసకాయ ముక్కలతో పప్పు. గోంగూర పప్పు చెయ్యాల్సిన రోజున కూడా ఆకును వేరే గిన్నెలో ఉడికించి తర్వాతే కలుపుతారు, అందులోనూ పులుపుందిగా.

పోపు మాత్రం ఎప్పుడూ ముందే పెట్టరు. ఇంగువ, కరివేపాకు, ఎండుమిర్చి వాసనలు నూనెలోంచి త్వరగా ఎగిరిపోతాయి. నిన్నటి పప్పు ఈరోజు నీరసంగా అనిపించేది చాలావరకు అందుకే. తినే ముందు చిన్న గరిటెలో ఒక చెంచా నూనెతో, తినేవాళ్ళ వాటాకి మాత్రమే పోపు పెడితే అది ఇప్పుడే వండినట్టుంటుంది. ఆయన వాటాకి ఎంత నూనె పడుతోందో కూడా ఆ చెంచాతోనే తెలిసిపోతుంది. ఒక్క చెంచాతో రెండు పనులు.

చేపలు, గుడ్ల దగ్గర పాయ ఇంకాస్త పైన తియ్యాల్సి వస్తుంది. ఆదివారం ఉల్లిపాయలు సన్నగా తరిగి, బంగారు రంగు దాటనివ్వకుండా వేయించి, అల్లం వెల్లుల్లి, టమాటా వేసి నూనె పైకి తేలేదాకా మగ్గిస్తారు. నూనె తేలిందంటే ముద్దలోని నీరు చాలావరకు పోయిందని గుర్తు, అందుకే ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలుస్తుంది. ఈ ముద్ద ఆయనకు సెనగల కూర అవుతుంది, ఆవిడకు గుడ్డు పులుసో చేపల పులుసో అవుతుంది. చేపకు మట్టి దాక, దాని గరిటె వేరే ఉన్నాయి. ఆయన పెట్టిన షరతు ఆ ఒక్కటే. వంకాయ ఎండురొయ్యల కూరలో మాత్రం పాయ చివరిదాకా రాదు. వంకాయ మెత్తబడగానే ఆయన వాటా తీసేస్తారు. తలా తోకా గిల్లి, పొడిగా వేయించి, గోరువెచ్చని నీళ్ళలో కడిగిన రొయ్యలు పిడికెడు అప్పుడు పడతాయి. అవి అంత కొద్దిగా పడ్డా కూర రూపమే మారిపోతుంది. తక్కువ డబ్బుతో ఎక్కువ రుచి కావాలంటే తెలుగు వంటింట్లో దీన్ని మించిన సరుకు లేదని నా అభిప్రాయం.

చేపల పులుసు రాత్రి డ్యూటీ వారంలోనే వండడంలో ఒక ఉద్దేశం ఉంది. పులుపు, కారం ముక్కలోకి దిగడానికి ఒక రాత్రి పడుతుంది. పొద్దున తొమ్మిదింటికి అలసి వచ్చిన మనిషికి ఇంట్లో ఎవరూ ఉండరు. కొద్దిగా అన్నం, వెచ్చబెట్టిన పులుసు చాలు. ఆ పొద్దున ఆయన రాసిపెట్టిన చీటీలో మూడు మాటలు: "అన్నం గిన్నెలో ఉంది. తిని పడుకో. కర్టెన్ వేశాను."

అన్నం విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ బయట ఉంటే అవి మొలిచి విషపదార్థం తయారు చేస్తాయి, మళ్ళీ వేడి చేసినా అది పోదు. అందుకని మిగిలిన అన్నాన్ని గిన్నెలో కుప్పగా ఉంచకుండా వెడల్పాటి పళ్ళెంలో పలుచగా పరిచి, చల్లారగానే, రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెడతారు. నర్సు ఇల్లు కదా.

ఆయన షుగరు కోసం బియ్యం మానేసి చిరుధాన్యాలు కొనడం ఈ ఇంట్లో జరగలేదు. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాముల దాకా ఉంటే, జొన్నల్లో దాదాపు 68. జొన్నల్లో పీచు ఎక్కువ, నిజమే. కానీ జొన్నరొట్టె కదా అని నాలుగు తింటే మందేమీ కాదు. కాబట్టి వీళ్ళు ధాన్యం మార్చేకంటే కొలత మార్చారు. ఆయన అన్నానికి ఒక చిన్న స్టీలు గిన్నె, దాని అంచే హద్దు. కంచంలో మిగతా చోటు కూరలది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కూడా కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, దుంపలు కలిసి కంచంలో దాదాపు సగం ఉంటాయి. జొన్నరొట్టె సున్నా గడుల్లో వస్తుంది. జొన్నపిండిలో గోధుమపిండికున్న జిగురు లేదు, చన్నీళ్ళతో కలిపితే అంచులు విరిగిపోతాయి. మరిగే నీళ్ళు పోస్తే పిండిలోని గంజి కొంత ఉడికి ఆ జిగురు పని అది చేస్తుంది. తట్టడం ఆయన పని, కాల్చడం ఆవిడది.

దోసెల పిండిదీ ఇలాంటి క్రమమే. ఒక వంతు మినప్పప్పు, మూడు వంతుల బియ్యం. ఎండాకాలం ఆరేడు గంటల్లో పొంగుతుంది, డిసెంబరు చలిలో రాత్రంతా చాలదు. మినప్పప్పులోని జిగురే పులిసేటప్పుడు పుట్టే గాలిని పట్టి ఉంచుతుంది. మొదటి రెండు మూడు రోజులు దోసెలు, పులుపు ముదిరాక ఉల్లి, పచ్చిమిర్చి వేసి ఊతప్పాలు. ఆయనకు ఎక్కువగా పెసరట్టే. రాత్రి నానేసి పొద్దున రుబ్బితే సరి, పులియబెట్టే పని లేదు.

సంచిలోంచి కూరగాయలు తీసే వరుస అవి చెడే వరుసే. రైతుబజారు నుంచి తెచ్చిన మొదటి రెండు రోజులు ఆకుకూరలు, తర్వాత బెండ, వంకాయ, ఆపైన దొండ, క్యాబేజీ, చివరికి గుమ్మడి, దోసకాయ. దోసకాయ దేనికీ తొందరపడదు, వారం చివర్లో అది మిగిలి ఉంటే ఇంట్లో దిగులుండదు. 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లలో ధరల బోర్డు ఉంటుంది గనక ఆయన ముందు బోర్డు చదివి, ఆ తర్వాతే గడుల్లో కూర పేరు రాస్తారు. బీరకాయ కొంటే కాయ కూరకి, చెక్కు నువ్వులతో పచ్చడికి. తోటకూర కాడలు పులుసుకి.

మాంసకృత్తుల లెక్క ఇంకా ముచ్చటైనది. కిలో కందిపప్పులో మాంసకృత్తులు దాదాపు 220 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములకు పైన, డజనులో సుమారు 75. అంటే డజను గుడ్లు కిలో పప్పులో మూడో వంతుకు సమానం. కిలో పప్పు ధరను మూడుతో భాగించి, డజను గుడ్ల ధరతో పోల్చి చూసుకుంటే ఏది చవకో తెలుస్తుంది. జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ రోజూ ధర ప్రకటిస్తుంది గనక ఆవిడ దాన్ని చూసే ఆ వారం వాటా తేలుస్తారు. గుడ్డులోని మాంసకృత్తులు ఒంటికి ఇంకా బాగా పడతాయి కాబట్టి ధర కాస్త అటూ ఇటూ అయినా గుడ్డు వైపే మొగ్గు. ఆయన గుడ్డు తినరు, ఆ లోటును పెసలు, సెనగలు, పెరుగు పూడుస్తాయి.

ఇంత పకడ్బందీ ఏర్పాటులో నాకు అన్నిటికంటే నచ్చింది ఒక ఖాళీ గడి. ప్రతి వారం ఒక పూటకు ఏమీ రాయకుండా కావాలనే వదిలేస్తారు. డ్యూటీ ఉన్నట్టుండి మారుతుంది, ఎవరో చుట్టాలు దిగుతారు, డబ్బాలో ఏదో మిగులుతుంది. ఆ పూట మిగిలినదాంతో గడుస్తుంది. అన్నీ సవ్యంగా ఉంటే కిందికెళ్ళి మిర్చి బజ్జీలు తింటారు, ఆయన ఒకటి, ఆవిడ నాలుగు. ఈ గడి లేని పట్టికలు మూడో వారానికే చిరిగిపోతాయి. ఇది అలా కాకపోవడానికి కారణం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

మీ ఇంట్లోనూ ఇలా మొదలుపెట్టాలనుకుంటే ముందు వారం గంటలు రాసుకోండి, వంటకాలు తర్వాత. ఒక్క మాట: షుగరు మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్ళు భోజనం వేళలు జరిపేముందు డాక్టరును అడగాలి. పై వాటా ఆయన కూడా అడిగాకే మార్చుకున్నారు.