కాలవ నీళ్ళ ఎరుపు

మా బందరువాళ్ళ గర్వం విచిత్రమైనది. ఏనాడూ ఒంటి మీద వేసుకోని బట్ట గురించి ఊరంతా గొప్పలు చెప్పుకుంటాం. మా ఇంట్లో కలంకారీ అంటే దుప్పటి. అదీ చుట్టాలొస్తేనే పెట్టెలోంచి బయటికొచ్చేది. నాయనమ్మ పండక్కి పెడన మగ్గం చీర కట్టేది, అమ్మ మంగళగిరి కట్టేది. ఎప్పుడైనా అద్దకం చీర మాటెత్తితే, "పరదా గుడ్డ చుట్టుకుని పేరంటానికి పొమ్మంటావా?" అనేది అమ్మ.

ఆవిడ చరిత్ర చదవలేదు గానీ అన్న మాటలో చరిత్ర ఉంది. ఆ బట్ట మనకోసం పుట్టలేదు. గోల్కొండ సుల్తానుల కాలంలో వాళ్ళ పెద్ద రేవు బందరే. పారశీక వర్తకులు ఇక్కడ గుడ్డ కొని ఓడలకెక్కించేవారు. డచ్చివాళ్ళు మన తీరపు గుడ్డలు తూర్పు దీవులకు పట్టుకెళ్ళి లవంగాలూ జాజికాయలూ తెచ్చుకునేవారు. 1611లో ఇంగ్లీషు కంపెనీవాళ్ళ గ్లోబ్ అనే ఓడ కూడా ఇందుకే వచ్చింది. తర్వాత ఐరోపాలో మన తీరపు రంగుగుడ్డల మోజు ఎంత పెరిగిందంటే, తమ నేతగాళ్ళు దెబ్బతింటారని ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. ఇంగ్లండు కూడా అదే దారి పట్టింది. ఇంత ఘనత ఉన్న గుడ్డ మా అమ్మకు పరదాలానే కనిపించింది. ఆవిడ తప్పేం లేదు. దాని మీద ఉన్న సరుగుడులాంటి సన్నని చెట్టు మన ఊరి సరుగుడు కాదు, పారశీకుల సైప్రస్. కమాను నమాజు గూడుది.

అందుకే 'అసలు కలంకారీ డిజైన్లు పోతున్నాయి' అని ఎవరైనా నిట్టూరిస్తే నేను వంత పాడను. కొనేవాడు అడిగిన పువ్వు అచ్చు మీద చెక్కించి అద్దడమే మొదట్నుంచీ ఇక్కడి సంప్రదాయం. పారశీక షా అడిగితే సైప్రస్, హైదరాబాదు బొటిక్ అడిగితే ఏనుగు. ఇందులో పోయిందేముంది?

మనదంటూ ఉన్నది వేరు. అది అద్దిన బొమ్మలో లేదు, తడిపిన నీళ్ళలో ఉంది.

బందరుకు దగ్గర్లోని పెడనలో మా బంధువుల ఇంటి వెనకే అద్దకం పాక. సెలవుల్లో మా మకాం అక్కడే. ముందు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి పిండి ఆరేస్తారు. పాలలోని కొవ్వు రంగును చెదరనివ్వదు, కరక్కాయ వగరు నలుపును పుట్టిస్తుంది. నలుపు రంగంటే ఏమిటనుకున్నారు? తుప్పుపట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన నీరు. మూత తీస్తే పులిసిపోయిన దోసెల పిండి కంపు. దాన్ని టేకు అచ్చుతో అద్దితే కరక్కాయ తగిలిన చోట చూస్తుండగానే నల్లబడుతుంది. ఇక ఎర్రగా రావలసిన చోట ఎరుపు అద్దరు, పటిక అద్దుతారు. అసలు ఎరుపు తర్వాత రాగి కాగులో ఉడికేటప్పుడు వస్తుంది, పటిక ఉన్నచోటే పట్టుకుంటుంది.

ఈ రెంటి మధ్యా ఒక పని ఉంది. అద్దిన గుడ్డను పారే నీళ్ళలో జాడించాలి. నిలవ నీళ్ళయితే గుడ్డ వదిలిన పటికా నలుపూ మళ్ళీ దాని మీదే కూర్చుని మరకలు పెడతాయి. నీళ్ళు కదిలి, వదిలినదాన్ని వదిలినట్టే తీసుకుపోవాలి. అందుకే మోకాలి లోతు కాలవలో వరసగా నిలబడి మనుషులు గుడ్డలు జాడిస్తుంటే, దిగువన పిల్లలం ఈతలు కొట్టి రంగు మొహాలతో ఇంటికొచ్చి తిట్లు తినేవాళ్ళం. ఈ కాలవలకు నీళ్ళిచ్చే కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయింది. అద్దకం అంతకు ఎన్నో తరాల ముందుది. కాబట్టి ఈ పనికి కాలవే తల్లి అంటే చరిత్రకారులు ఒప్పుకోరు. మా తరం చూసింది మాత్రం కాలవ గట్టు మీద అద్దకాన్నే.

ఎరుపుకు మూలం చిరివేరు. తీరపు ఇసక నేలల్లో నేలబారుగా పెరిగే చిన్న మొక్క వేరు అది. కృష్ణ పాయల మధ్య గవ్వల సున్నం కలిసిన ఇసకలో పెరిగిన వేరుకు మంచి ఎరుపని పేరు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి బందరును ముంచేసింది. సుమారు 30,000 మంది పోయారు. ఆ దెబ్బ నుంచి మా ఊరు పూర్తిగా తేరుకుందని నేననుకోను. నాలుగేళ్ళకు, 1868లో, జర్మనీలో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. చిరివేరులో ఎరుపునిచ్చేది కూడా ఆ అలిజరినే. నన్నడిగితే మా అద్దకాన్ని ఉప్పెన కంటే ఎక్కువ మార్చింది ఆ సీసాయే. ఇప్పుడు పెడన కాగుల్లో ఉడికేది చాలావరకు కొన్న పొడే. చిరివేరు తవ్వేవాళ్ళు నాకు కనపడలేదు.

స్క్రీన్ ప్రింటింగు సంగతి అందరికీ తెలిసిందే. అదే పువ్వు, అదే చిలక, సగానికి సగం తక్కువ ధర. దాని మీద కోప్పడ్డానికి నాకు మనసొప్పదు, అక్కడ పనిచేసేదీ మా ఊరి పిల్లలే. నా బాధంతా కాలవ గురించి. రెండో పంట అయిపోగానే కాలవలు కట్టేస్తారు. బోరు వేస్తే సముద్రం పక్క ఊరు కదా, ఉప్పునీళ్ళు. ఉప్పు తగిలితే రంగు తేటగా రాదు. పారినన్నాళ్ళూ ఆ కాలవలోకి ఇళ్ళ మురుగంతా వచ్చి కలుస్తోంది. మ్యూజియంలో పాత గుడ్డ దాచుకోవడానికి ఖర్చుపెట్టే దేశంలో, కొత్త గుడ్డ జాడించుకోవడానికి నాలుగు బారల శుభ్రమైన రేవు కట్టించాలని ఎవరికీ తోచదు.

మొన్న వేసవిలో పెడన వెళ్ళినప్పుడు పాకలో ఒక హైదరాబాదు ఆవిడ పాతకాలపు ముదురెరుపు చీర కావాలని పట్టుబట్టి కూర్చున్నారు. ఎంతయినా ఇస్తానంటున్నారు. అద్దకం పెద్దాయన ఆవిడకు మజ్జిగ ఇప్పించి, "డబ్బుదేముందమ్మా, కాలవ వదిలాక రండి" అన్నాడు.