ముందు గడప చూడండి

హైదరాబాద్ రోడ్ల మీద ఎంజీ అంటే ఇవాళ అందరికీ గుర్తొచ్చేది హెక్టర్. ఆ పేరు ఇప్పుడు చైనా కంపెనీది. కానీ ఆ రెండక్షరాలు పుట్టింది ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో, మోరిస్ గ్యారేజెస్ అనే పేరు నుంచి. ఆ ఊరికి దగ్గర్లోని అబింగ్‌డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా తయారైన రెండు తలుపుల స్పోర్ట్స్ కారు ఎంజీబీ. ఐదు లక్షలకు పైగా బండ్లు బయటికొస్తే వాటిలో ఎక్కువ భాగం అమెరికాకే వెళ్లాయి. అందుకే అక్కడ స్థిరపడి, ఇంటికో గ్యారేజీ అమరిన మనవాళ్లలో ఎవరికైనా పాత స్పోర్ట్స్ కారు కొని సొంతంగా బాగుచేసుకోవాలన్న కోరిక పుడితే ముందు కంటపడేది ఇదే. షెడ్డులో ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న బండి చవగ్గా వస్తుంది. కొనాలా, మానాలా? ఆ నిర్ణయాన్ని ధరకూ ఇంజనుకూ వదిలేయకూడదని, బండి రేకును బట్టే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

కొనేవాళ్లు ముందు అడిగే ప్రశ్న ఇంజను తిరుగుతుందా అని. ఎంజీబీ విషయంలో దానికి అంత ప్రాధాన్యం లేదు. ఇందులోది 1798 సీసీ, నాలుగు సిలిండర్ల బి సిరీస్ ఇంజను. మన అంబాసిడర్ ఏళ్ల తరబడి మోసిన 1489 సీసీ పెట్రోలు ఇంజనుది కూడా ఇదే కుటుంబం. అంబాసిడర్ ఇంజను విప్పి బిగించిన మెకానిక్‌కు ఎంజీబీ బానెట్ ఎత్తితే కొత్తగా అనిపించేది తక్కువ. పోత ఇనుప బ్లాకు, పుష్‌రాడ్లు, బయటికి కనిపించే కార్బొరేటర్లు, స్పానరు తిప్పడానికి చాలినంత చోటు. రింగులు అరిగితే రింగులు వేయొచ్చు, హెడ్ గ్యాస్కెట్ పోతే మార్చొచ్చు. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ విడిభాగాలు అమ్మేవాళ్లు నేటికీ కేటలాగులు వేస్తున్నారు. పైగా ఇంజను పనిని ఎక్కడైనా ఆపి, నెల తర్వాత మళ్లీ అందుకోవచ్చు. బ్లాకు పగిలితే తప్ప, ఇంజను ఆగిపోయిందన్న ఒక్క కారణంతో ఎంజీబీని వద్దనుకోనక్కర్లేదు.

అసలు చిక్కంతా బాడీతోనే. దీని ముందు తరం ఎంజీఏకు విడిగా ఛాసిస్ ఉండేది. దాని మీద బాడీ కూర్చునేది. ఎంజీబీకి ఆ ఛాసిస్ లేదు, బాడీయే బరువంతా మోస్తుంది. టాపు లేని రకంలో పైనుంచి పట్టి ఉంచేదీ ఏమీ లేదు. ఆ భారం తలుపుల కింద ముందు నుంచి వెనక్కి పోయే రెండు రేకు పెట్టెల మీద పడుతుంది. వాటిని మన ఇంటి భాషలో గడపలనొచ్చు. గడప అంటే ఒక్క రేకు కాదు. బయటి రేకు, లోపలి రేకు, ఆ రెంటి మధ్య నిలువుగా ఇంకో రేకు, అడుగున గాడిలా మడిచిన పట్టీ, అన్నీ కలిపి వెల్డింగ్ చేసిన పెట్టె అది. చక్రాలు ఎగజిమ్మిన నీరూ బురదా లోపల నిలుస్తాయి. చలి దేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కూడా ఆ బురదతోనే చేరుతుంది. తుప్పు లోపలే పుట్టి బయటికొస్తుంది. పెయింటు మీద చిన్న బొబ్బ కనిపించేసరికి లోపలి రేకు జల్లెడైపోయి ఉండొచ్చు.

దాన్ని బాగుచేయడం ఎలా ఉంటుందో ఒకసారి ఊహించండి. గడప బయటి రేకు ముందు మడ్‌గార్డు వెనక్కి దూరి ఉంటుంది కాబట్టి మడ్‌గార్డు అడుగు భాగాన్ని కోయకుండా రేకు పూర్తిగా చేతికందదు. కోసే ముందు తలుపు సందులో ఇనుప కడ్డీ అడ్డం పెట్టి బాడీని బిగించాలి. లేకపోతే నడుము విరిగినట్టు మధ్యలో కుంగుతుంది. వెల్డింగ్ వేడికి రేకు ముడుచుకుంటుంది గనక కొంత అతికించాక ఆగి, తలుపు బిగించి, చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూసుకోవాలి. ఇదంతా ఒక వైపు పని. ఇంకో వైపు ఇంకో గడప. ఈ పనిలో పొరపాటు జరిగితే తలుపు ఎప్పటికీ సరిగ్గా పడదు. ఇంజనులో చేసిన తప్పు మళ్లీ విప్పితే దిద్దుకుంటుంది. వంకరగా అతికిన బాడీని దిద్దాలంటే మళ్లీ కోత తప్పదు.

అమ్మేవాళ్లకూ ఈ సంగతి తెలుసు. కుళ్లిన గడప మీదే కొత్త రేకు కప్పి, పైన పుట్టీ పూసి, నిగనిగలాడే రంగు కొట్టి అమ్మిన బండ్లు లెక్కలేనన్ని. బ్రిటన్‌లో 2018 నుంచి, 40 ఏళ్లు దాటి పెద్ద మార్పులు చేయని బండికి ఏటా చేయించే తనిఖీ తప్పనిసరి కాదు. అంటే ప్రభుత్వం తరఫున గడపను తట్టి చూసే మనిషి కూడా లేకపోవచ్చు. ఆ పని కొనేవాళ్లదే. పరికరం ఒక చిన్న అయస్కాంతం. పలచటి గుడ్డ చుట్టి గడప పొడవునా జరిపితే, రేకున్న చోట అంటుకుంటుంది, పుట్టీ మందంగా ఉన్న చోట జారిపోతుంది. తర్వాత బండి చక్రాల మీద ఉండగానే తలుపు తెరిచి మూయాలి. తలుపు కిందికి దిగినా, పై అంచు దగ్గర సందు బిగుసుకున్నా, నడుములో బలం పోయిందన్నమాట. అందుకే ఉప్పు రోడ్ల రాష్ట్రం నుంచి వచ్చి రంగుతో మెరిసే బండి కంటే, కాలిఫోర్నియా, అరిజోనా ఎండకు సీట్లు చిరిగి, డ్యాష్‌బోర్డు పగిలి, రంగు వెలిసిన బండి ఎంతో మేలు. సీట్లూ డ్యాష్‌బోర్డూ కొనుక్కోవచ్చు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం డబ్బు గురించి. పని మనమే చేసుకుంటే కూలీ మిగులుతుంది కదా అంటారు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న సామెత పక్కన పాత కారును కూడా చేర్చాలి. ఇంజను పని పుస్తకం చూసి, ఓపికతో నేర్చుకోవచ్చు. పలచటి రేకు వెల్డింగ్ వేరే విద్య, దాన్ని బండి నడుము మీద నేర్చుకోకూడదు. నేర్చినవాళ్లకు ఇస్తే ఆ పనికీ పెయింటుకూ అయ్యే ఖర్చు, బాగా నడుస్తున్న ఎంజీబీ ధరను దాటిపోతుంది. అందుకే సగంలో ఆగిన బండ్లు అట్టపెట్టెల్లో భాగాలతో సహా అమ్మకానికొస్తాయి. ఏ బోల్టు ఎక్కడిదో విప్పిన మనిషికి తప్ప తెలియదు. అలాంటిది ఎంత చవగ్గా వచ్చినా నేను కొనమనను.

రెండో అభ్యంతరాన్ని నేను గౌరవిస్తాను. అందరూ ఇలా లెక్కలేసుకుంటే పాత బండ్లను బతికించేదెవరు? అరుదైన బండి అయితే ఆ మాట నిజమే. ఎంజీఏలోనే ట్విన్ క్యామ్ రకం మొత్తం 2,111 మాత్రమే తయారైంది. అది తుప్పు పట్టి దొరికినా కాపాడాల్సిందే, దాని లెక్క వేరు. ఐదు లక్షలు పుట్టిన ఎంజీబీకి ఆ భయం లేదు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988 నుంచి దీనికి పూర్తి కొత్త బాడీలే తయారుచేస్తోంది. పూర్తిగా కుళ్లిన బండి తన భాగాలతో ఇంకో నాలుగు బండ్లను రోడ్డు మీద ఉంచితే అదీ కాపాడటమే.

ఇలాంటి బండిని మన దేశానికి తెచ్చుకోవాలనుకునే వాళ్లకు ఒక మాట. దిగుమతి నిబంధనల సంగతి అటుంచి, 2021లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం ఇక్కడ వింటేజ్ బండిగా నమోదు కావాలంటే 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్‌నూ బాడీనీ ఇంజనునూ మార్చి ఉండకూడదు. 20,000 రూపాయల రుసుముతో వీఏ అక్షరాలున్న నంబరు ప్లేటు పదేళ్లకు ఇస్తారు. ర్యాలీలకూ ప్రదర్శనలకూ తప్ప రోజువారీ తిరుగుళ్లకు అనుమతి లేదు. చట్టం కూడా అసలు బాడీని చూస్తుంది.

పని మీద ఇష్టమున్నవాళ్లు మానుకోవాలని నేననడం లేదు. గడప గట్టిగా ఉన్న బండిని, ఇంజను ఆగిపోయినదైనా సరే, కొనండి. దాన్ని నడిచే స్థితికి తెచ్చి, ఒక్కో భాగం విప్పి బాగుచేస్తూ మధ్యలో నడుపుతూ ఉండండి. అడ్వాన్సు ఇచ్చే ముందు మాత్రం అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్లండి. గడప మీద అది జారిపోతే, బేరం ఆడకుండానే ఇంటికి వచ్చేయండి.